అరిగే పళ్ళు, పెరిగే పళ్ళు

ఈ శీర్షికలో ఇంతవరకు తోటపని గురించీ, ఇంటి మరమ్మతుల గురించీ వ్రాస్తూ వచ్చాను. కొంతకాలంగా కొందరు సోదరీమణులు, ముఖ్యంగా పిల్లలు, పెంపుడు జంతువుల గురించి వ్రాయవలసిందిగా కోరుతున్నారు. కుక్కల పెంపకంలో నాకన్న అనుభవజ్ఞులు మన టౌన్‌షిప్‌లో వీధికి ఇద్దరు చొప్పున ఉన్నారు. మన దేశపు రామచిలుకను పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం కనుక దాని పెంపకం గురించి వ్రాయనే కూడదు. ఇక నాకు తెలిసినది కుందేలు ఒక్కటే. అదీ ఆరోగ్యంగా ఉన్న కుందేలు కాదు. పుట్టుకతోనే పళ్ళ వరుస తప్పిన కుందేలు. 2022 ఏప్రిల్ నుంచి మా క్వార్టరులో ఉంటున్నది. పేరు దూది.

మన పల్లెలలో చేలగట్ల మీద కనిపించి మాయమయ్యే కుందేలు, కొందరు చెవులపిల్లి అనేది, ఇది కాదు. అది వేరు జాతి, అడవి జంతువు. పైన చెప్పిన చట్టమే దానికీ రక్షణ కల్పించింది కనుక పట్టి తెచ్చి పెంచరాదు. ఇళ్ళలో పెంచుకొనే కుందేళ్ళు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు కుందేళ్ళ సంతతి. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధనా సంస్థ వీటిపై పరిశోధనలు చేసింది. కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరులో దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రమూ ఉన్నది. అయితే ఆ శాస్త్రం ప్రధానంగా మాంసం కొరకు, ఉన్ని కొరకు మందను పెంచే రైతుకు సంబంధించినది. ఒక్క కుందేలును పదేళ్ళు సుఖంగా బ్రతికించే విద్య తెలిసిన వైద్యులు మన వంటి చోట్ల దొరకడం కష్టం. నగరానికి పోవలసిందే. జబ్బు కుందేలును ఇంటికి తెచ్చుకోదలచినవారు మొట్టమొదట విచారించవలసినది గూడు సంగతి కాదు, ఈ వైద్యుడి సంగతి.

దూది మా ఇంటికి రావడం వెనుక ఒక బదిలీ ఉత్తర్వు ఉన్నది. రెండు వేల కిలోమీటర్ల దూరానికి బదిలీ అయిన ఒక కుటుంబం దానిని ఉద్యానవన విభాగం వారి నర్సరీ షెడ్డులో అప్పగించి వెళ్ళింది. జంతువును ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో కారణం లేకుండా వదలివేయడం జంతుహింస నివారణ చట్టం, 1960 లోని 11వ సెక్షను క్రింద నేరమే. కాని ఆ కుటుంబం గేటు అవతల పారవేసి పోలేదు. చూసే మనిషి ఉన్న చోటనే ఉంచింది. ఆ చూసే మనిషి, అంటే నర్సరీ మాలి, పది రోజుల తరువాత మా ఆవిడతో ఒక మాట చెప్పాడు: "అమ్మగారూ, గడ్డి నోటిదాకా పట్టుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. ఆకలి మాత్రం ఉంది." ఇంతకన్న చక్కని రోగ నిర్ధారణ తరువాత ఏ వైద్యుడి నోటా వినలేదు.

అప్పటికి పన్నెండవ తరగతిలో ఉన్న మా అమ్మాయి దాని పెదవి పైకెత్తి చూపింది. క్రింది పళ్ళు రెండూ ఏనుగు దంతాలవలె బయటికి పొడుచుకొని ముక్కును తాకుతున్నాయి. పై పళ్ళు పొట్టేలు కొమ్మువలె లోపలికి చుట్టుకొని అంగిలివైపు తిరిగాయి. గడ్డం క్రింది బొచ్చు చొంగతో తడిసి ఊడిపోయింది. వంటింటి త్రాసులో పెడితే తొమ్మిది వందల గ్రాములు. ఆ ఒడ్డుకూ పొడవుకూ కిలోన్నర ఉండవలసినది.

ఇక్కడ ఇంజనీరును కొంచెం మాట్లాడనివ్వండి. కుందేలుకు 28 పళ్ళు. అందులో ముందు పళ్ళు ఆరు: పైన రెండు, వాటి వెనుక దాక్కొన్న చిన్న మేకుల వంటివి మరి రెండు, క్రింద రెండు. ఆ వెనుక మేకులే కుందేలును ఎలుక జాతినుంచి వేరు చేసే గుర్తులలో ఒకటి. ఈ రెండు వర్గాలనూ వేర్వేరు క్రమాలుగా విడదీయాలని శాస్త్రజ్ఞుడు గిడ్లీ 1912లో ప్రతిపాదించాడు. ముందు పళ్ళు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్ల చొప్పున, అంటే ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్ళు కూడా పెరిగేవే. గడ్డిలోని ఇసుకవంటి సిలికా, రోజంతా సాగే నమలడం, పైపన్నుకు క్రిందిపన్ను ఒరుసుకోవడం, ఇవన్నీ కలిసి పెరిగినంతా అరగదీస్తాయి. పంటి ముందు ముఖాన గట్టి ఎనామిల్, వెనుక కొంచెం మెత్తని పదార్థం ఉండడం వలన అరిగినకొద్దీ ఉలివలె పదునెక్కుతుంది. సాన పట్టనక్కర లేని పనిముట్టు. ఏ టూల్‌రూములోనూ ఇంతటి డిజైను నేను చూడలేదు.

అయితే ఈ ఏర్పాటంతా పై పన్నూ క్రింది పన్నూ సరిగ్గా కలియడం మీద ఆధారపడి ఉన్నది. అలైన్‌మెంటు తప్పిన రోజున అరుగుదల ఆగుతుంది, పెరుగుదల ఆగదు. పొట్టి మూతి కోసం ఎంచి పెంచిన మరుగుజ్జు జాతులలో ఈ దోషం వంశపారంపర్యంగా వస్తుంది. పంజరపు ఊచలు కొరికి పళ్ళు వంకరపోయినవీ ఉంటాయి. గడ్డి పెట్టక దాణాతోనూ బిస్కట్లతోనూ పెంచితే దవడ పళ్ళు పాడవుతాయి. బొమ్మలలో కుందేలు చేతికి క్యారెట్టు ఇచ్చిన చిత్రకారుడెవరో గాని, నిజానికి క్యారెట్టు దానికి మిఠాయితో సమానం. దాని అన్నం ఎండుగడ్డి.

దగ్గరలోని ఒక పశువైద్యశాలలో గోళ్ళు కత్తిరించే సాధనంతో ఆ పళ్ళను తుంచారు. పావుగంటలో పని అయింది. కాని అలా తుంచినప్పుడు పన్ను నిలువునా చీలే ప్రమాదం ఉన్నది. క్రింది పళ్ళలో ఒకటి చీలనే చీలింది. ఆ తరువాత నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోని నగరంలో కుందేళ్ళను చూసే ఒక వైద్యురాలిని వెదకి పట్టుకొన్నాము. ఆమె చేసిన మొదటి పని పళ్ళ జోలికి పోకుండా పుర్రెకు ఎక్స్‌రే తీయించడం. దవడ పళ్ళు కూడా దారి తప్పి, వాటి మొనలు నాలుకను కోస్తూ, వేళ్ళు ఎముకలోకి చొచ్చి చీము పట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. క్లబ్బులో ఒక మిత్రుడు, "ఒక్క సూదితో బాధ తీరిపోతుంది కదండీ, ఇంత యాతన దేనికి?" అన్నాడు. ఆ మాట క్రూరమైనదని నేననను. దవడ అంతా కుళ్ళిన కుందేలు విషయంలో నేనూ ఆ మాటే అనేవాడినేమో. దూది దవడ పళ్ళు తిన్నగా ఉన్నాయి. చెడినది ముందు పళ్ళు మాత్రమే.

చెడినది ముందు పళ్ళే అయితే మార్గాలు రెండు. నాలుగైదు వారాలకొకసారి చిన్న దంతవైద్య యంత్రంతో వాటిని అరగదీయిస్తూ జీవితాంతం గడపడం ఒకటి. ఆరింటినీ పీకించివేయడం రెండవది. మొదటి దానితో ఆరంభించాము. తొమ్మిది నెలలలో ఎనిమిది ప్రయాణాలు చేశాము. తెల్లవారుజామున కారులో తడి తువ్వాలు కప్పిన బుట్ట, ప్రతిసారీ కొంచెం మత్తు, తిరిగి వచ్చిన నాడంతా బిక్కుబిక్కుమంటూ మూల కూర్చోవడం. ఆ తరువాత మూడు వారాలు హాయి. ఆపైన మళ్ళీ గడ్డి జారిపోవడం. మన వైద్య పథకంలో ఆశ్రితుల జాబితాలో కుందేలుకు చోటు లేదు కనుక ఖర్చంతా జేబులోనిదే. అయినా మమ్మల్ని కలచివేసినది ఖర్చు కాదు. అయిదు వారాలలో రెండు వారాలు అది ఆకలితో ఉంటున్నది.

"ఏమండీ, మనం పంటినొప్పి వస్తే ఒకసారి పీకించుకొని మరచిపోతాం. దానికి మాత్రం నెలనెలా ఈ బాధ ఎందుకు?" అన్నది మా ఆవిడ. నేను మత్తుమందుకు జంకాను. మా అమ్మాయి రెండు పక్షాలకూ చెందక అంకెలు తెచ్చి ముందు పెట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని సామెత. మా ఇంట ఆ నెలంతా కుందేలు ఒక్కటే, పట్టినవారు ముగ్గురు.

ఆ అంకెలు చెప్పుకోదగినవి. బ్రిటన్‌లో జరిగి 2008లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం మత్తు ఇచ్చిన 48 గంటలలోపు ఆ కారణంగా మరణించినవి కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం, కుందేళ్ళలో 1.39 శాతం. అంటే 72 కుందేళ్ళలో ఒకటి. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళను మాత్రమే తీసుకొంటే 0.73 శాతం, 137లో ఒకటి. మొదట ఈ అంకె చూసి నా భయమే రుజువైనదనుకొన్నాను. మా అమ్మాయి కాగితం వెనుక మరొక లెక్క వేసింది. ఏడాదికి పదిసార్లు చొప్పున మిగిలిన ఎనిమిదేళ్ళకు ఎనభైసార్లు అరగదీయించాలి. ఒక్కొక్కసారి ఇచ్చే మత్తు తేలికదే, దాని ప్రమాదం ఇంకా తక్కువే. కాని ఎనభైసార్లు! "నాన్నా, మీ ప్లాంటులో అయితే ఎనభైసార్లు ఆపి నడుపుతారా, ఒక్కసారి షట్‌డౌన్ తీసుకొని ఓవర్‌హాల్ చేస్తారా?" అని అడిగింది. ముప్ఫైయేళ్ళ సర్వీసులో నేను ఇతరులను అడిగిన ప్రశ్న అది. వైద్యురాలు కూడా దాదాపు అదే చెప్పారు. అయితే తేలికపాటి మత్తుకూ పూర్తి మత్తుకూ ఒకే శాతం కట్టరాదని హెచ్చరిస్తూ, ముందు రెండు వందల గ్రాములు బరువు పెరగనివ్వండి అన్నారు. ఆ సలహా విలువైనది. అరగదీసిన మరునాటినుంచి ఉన్న హాయి రోజులలోనే దానిని మేపి 1,350 గ్రాములకు తెచ్చాము.

2023 జనవరిలో శస్త్రచికిత్స జరిగింది. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక ముందురాత్రినుంచి పస్తు ఉంచే నియమం దానికి లేదు. పైగా కడుపు ఖాళీ అయితే పేగులు స్తంభించిపోతాయి. కాబట్టి పేషెంటు మెంతికూర నములుతూ ఆసుపత్రికి వెళ్ళింది. కుందేలు పంటి వేరు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వెంటనే పోతూ ఓపికగా వదులు చేసి తీయాలి, లేకుంటే విరుగుతుంది. గంటన్నర పట్టింది. ఆరు పళ్ళనూ చిన్న సీసాలో వేసి మా అమ్మాయి చేతికిచ్చారు.

అసలు పరీక్ష ఆ రాత్రి. కుందేలు పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది అత్యవసర పరిస్థితి. దాని జీర్ణకోశం నిరంతరం నడుస్తూ ఉండవలసిన కన్వేయరు వంటిది. ఆగితే లోపల సరుకు గట్టిపడుతుంది, గ్యాసు పడుతుంది, నొప్పి వలన ఇంకా తినదు. అందుకే నొప్పి తగ్గించే మెలాక్సికామ్ వైద్యురాలు చెప్పిన మోతాదులో ఇచ్చి, దాణా గుళికలను నానబెట్టి మిక్సీలో మెత్తగా రుబ్బి, సూది తీసిన సిరంజితో నోటి ప్రక్కనుంచి మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పట్టించాము. ఎదురుగా పట్టిస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. దేహం వేడి 38.5 డిగ్రీలకు తగ్గకుండా వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచాము. గంటకొకసారి ట్రే క్రింద కాగితం చూడడం, ఏమీ లేదని లాగ్‌బుక్కులో వ్రాయడం. బాయిలరు వెలిగించిన రాత్రులు ఎన్నో గడిపాను; ఆవిరి పీడనం సూచించే ముల్లు కదలడానికి కూడా అంతగా ఎదురు చూడలేదు. తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు కాగితం మీద నాలుగు పెంటికలు పడ్డాయి. మిరియాలంత, తడి తడిగా. మా ఆవిడ దేవుడి గదిలో దీపం వెలిగించి వచ్చి టీ పెట్టింది.

అక్కడితో అయిపోలేదు. రెండు నెలల తరువాత క్రింది ఎడమ పన్ను మళ్ళీ మొలిచింది. పంటిని పుట్టించే కణజాలం కొంచెం మిగిలినా ఇలా జరగవచ్చునని వైద్యురాలు ముందే చెప్పి ఉన్నారు. చీలినది ఆ పన్నే. మరొకసారి వెళ్ళి తీయించాము. ఆపైన రాలేదు.

ముందు పళ్ళు లేని కుందేలు ఎలా తింటుందని అడగనివారు లేరు. పెదవులతో తింటుంది. నమిలేవి దవడ పళ్ళు, అవి ఉన్నాయి కదా. కొరికి తెంచడమే దానికి రాదు; ఆ పని మా కత్తిపీట చేస్తుంది. ఎండుగడ్డిని రెండంగుళాల ముక్కలుగాను, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులను ఇంకా సన్నగాను తరిగి పెడతాము. బజారులో దొరికే విదేశీ గడ్డి ఖరీదెక్కువ. మాలి ఎండబెట్టి ఇచ్చే గరిక, నేపియర్ గడ్డితోనే మాకు చాలావరకు జరుగుతున్నది. వరిగడ్డిలో సిలికా మెండు గాని పోషణ తక్కువ, అది ఒక్కటే పెట్టి బ్రతికించలేము. పశువులకు బలమని పేరుపడ్డ లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేలుకు నిత్యాహారంగా తగదు. ఇంకొక సంగతి మాకు తరువాతగాని తెలియలేదు: కుందేలు ముందు పళ్ళతోనే ఒళ్ళు దువ్వుకొంటుంది. ఇప్పుడు ఆ పని దువ్వెనతో మేము చేయాలి. లేకుంటే ఊడిన బొచ్చు ఉండలు కడుతుంది.

మందుల విషయంలో ఒక్క హెచ్చరిక, దయచేసి కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకోండి. మన ఇళ్ళలో సాధారణంగా ఉండే అమాక్సిసిలిన్‌ను, ఆంపిసిలిన్‌ను కుందేలుకు నోటి ద్వారా ఇవ్వరాదు. పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, విషం పుట్టించేవి పెచ్చుపెరిగి రెండు మూడు రోజులలో ప్రాణం తీయగలవు. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ మందు కూడా దానికి విషమే. "చిన్న జంతువు కదా, చిన్న మోతాదు" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

మే నెల మా మధ్యభారతంలో 44, 45 డిగ్రీలకు పోతుంది. కుందేలుకు చెమట పట్టదు, వగర్చి చల్లబడడమూ సరిగా రాదు. 30 దాటితేనే దానికి కష్టం. దూదిని గాలి తగిలే గదిలో నాపరాయి పలక మీద ఉంచి, ఫ్రీజరులో గడ్డకట్టించిన నీళ్ళ సీసాకు గోనెపట్టా చుట్టి ప్రక్కన పెడతాము. ఆ సీసాకు వీపు ఆనించి పడుకొన్నప్పుడు దానికున్న ధీమా మా జనరల్ మేనేజరు గారికి కూడా ఉండదు.

నర్సరీ షెడ్డులోనూ, నగరాలలోని జంతు సంరక్షణ కేంద్రాలలోనూ ఇటువంటివి ఇంకా ఉంటాయి. మెడ ఒక ప్రక్కకు వాలిపోయినవి, వెనుక కాళ్ళు పడిపోయినవి, ఒక కన్ను లేనివి. వాటిని తెచ్చుకోవాలని అడిగేవారికి నేను వేసే ప్రశ్నలు కొంచెం మోటుగా ఉంటాయి. మీకు బదిలీ ఎప్పుడు? పదవీ విరమణ ఎప్పుడు, ఆ తరువాత ఏ ఊరు? కుందేలు ఎనిమిది, పదేళ్ళు బ్రతుకుతుంది. ఇప్పుడు ముచ్చటపడుతున్న పిల్లవాడు అప్పటికి ఏ ఊరి కళాశాలలో ఉంటాడు? మా అమ్మాయి 2022 ఆగస్టులోనే హాస్టలుకు వెళ్ళింది. ఆ లెక్కలన్నీ ఫోనులోనే చెప్పింది. శస్త్రచికిత్సకు మాత్రం సెలవు పెట్టి వచ్చింది. రోజువారీ గడ్డి తరగవలసినవారం మేమిద్దరమే. ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇంటికైతే వద్దనే చెబుతాను. కుందేలు అస్థిపంజరం బరువు దాని ఒంటి బరువులో ఏడెనిమిది శాతమే. వెనుక కాళ్ళకు ఆసరా లేకుండా ఎత్తితే అది తన్నిన తన్నుకే దాని వెన్నెముక విరగవచ్చు. వంశపారంపర్య దోషం ఉన్నదానికి జత కూర్చడం ఎంతమాత్రం తగదు. దూదికి ఆ సంవత్సరమే సంతాన నిరోధక శస్త్రచికిత్స కూడా చేయించాము.

ఇల్లు విడిచి వెళ్ళడం ఒక్కటే చాలాకాలం మాకు సమస్యగా ఉండేది. క్రిందటి దసరాకు రాజమండ్రి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఎదుటి క్వార్టరులోని ఎలక్ట్రికల్ విభాగపు మిత్రుడి తల్లిగారు, డెబ్బైయేళ్ళ పెద్దావిడ, "నాకు వదిలి వెళ్ళు నాయనా, మా ఊళ్ళో దూడలను సాకినదాన్ని" అన్నారు. కత్తిపీట కొలతలు, దువ్వెన, వంటింటి త్రాసు, వైద్యురాలి ఫోను నంబరు, లాగ్‌బుక్కు అన్నీ అప్పగించాము. తొమ్మిది రోజుల తరువాత తిరిగి వచ్చి ఆ పుస్తకం తెరచి చూశాను. గుండ్రని అక్షరాలతో రోజుకు రెండు పూటలా వ్రాశారు. ఆరవ రోజున ఇలా ఉన్నది: "ఉదయం పెంటికలు 110. నిన్నటికన్న చిన్నవి. గడ్డి ముదురుగా ఉంది, మాలికి చెప్పి లేతది తెప్పించాను. సాయంత్రానికి మామూలు సైజు. బరువు 1,620."

దానిని తీసుకొని రావడానికి మా ఆవిడ బుట్ట పట్టుకొని వెళితే, ఇంకో రెండు రోజులు ఉండనీయమని అడిగారట. ఉంచి వచ్చింది.